కర్నల్ గారి పాఠానికి మన విశ్వవిద్యాలయాల్లో చోటేది?

సంపాదకుడు గారికి నమస్కారం.

సరిహద్దులో ఏదైనా జరిగిన రోజున టీవీ చర్చల్లో విశ్రాంత సైనికాధికారులు కనిపిస్తారు. వారు నోరు తెరిచి రెండు మాటలు చెప్పేలోపే పక్కవారు అడ్డుపడతారు. నాలుగు రోజుల్లో ఆ హడావుడి సద్దుమణుగుతుంది, వారి అనుభవం వారి దగ్గరే ఉండిపోతుంది. సైన్యంలో పనిచేసి, రక్షణశాఖ నిర్ణయాలను దగ్గరగా చూసిన ఇలాంటి పెద్దలను హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయాలు పిలిచి, తగిన వేతనమిచ్చి, పూర్తి సెమిస్టరు పాఠం చెప్పించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికా సైన్యంలో కర్నల్‌గా పదవీ విరమణ చేసిన జోసెఫ్ కాలిన్స్ జీవితం ఈ విషయంలో నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో పాఠాలు చెప్పారు. అఫ్గానిస్థాన్‌పై సోవియట్ సేనల దండయాత్ర గురించి 1980లలోనే పుస్తకం రాశారు. 2001 నుంచి 2004 వరకు రక్షణశాఖలో డిప్యూటీ అసిస్టెంట్ సెక్రటరీ. పోరాటం ముగిశాక ఆ నేల మీద శాంతిభద్రతలు, సహాయక చర్యలు ఎలా నడవాలన్నది ఆయన విభాగం చూసే పని. అమెరికా సేనలు అఫ్గానిస్థాన్‌లోకి, ఆపైన ఇరాక్‌లోకి వెళ్లింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. ఆ తరువాత ఆయన వాషింగ్టన్‌లోని నేషనల్ వార్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు.

2008లో ఇరాక్ యుద్ధ నిర్ణయంపై ఆయన ఒక అధ్యయనం వెలువరించారు. ఆ యుద్ధం పెద్ద వైఫల్యంగా పరిణమించిందని ఆ అధ్యయనం మొదట్లోనే రాశారు. దాన్ని అచ్చువేసింది ఏ వామపక్ష పత్రికో కాదు, రక్షణశాఖ కిందే నడిచే నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీ. పత్రికల్లో దుమారం రేగితే, యుద్ధంలో ఓడిపోయామని తాను అనలేదని ఆయన వివరణ ఇచ్చారు. ఆ దేశం చేసిన యుద్ధాల మీద నాకు గౌరవమేమీ లేదు. ఇరాక్‌లో ప్రాణాలు పోగొట్టుకున్న సామాన్యులకు ఏ అధ్యయనమూ జవాబు చెప్పలేదు. అయినా, నిర్ణయాలు జరిగిన చోట పనిచేసిన మనిషే తరువాత నల్లబల్ల ముందు నిలబడి, ఎక్కడ తప్పు జరిగిందో రేపటి అధికారులకు చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

మన దగ్గర 1962లో చైనాతో యుద్ధ పరాజయంపై సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్ ఇచ్చిన నివేదికను ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. కార్గిల్ తరువాత కె. సుబ్రహ్మణ్యం కమిటీ నివేదిక మాత్రం, కొన్ని భాగాలు తొలగించినా, పార్లమెంటు ముందుకు వచ్చింది. యుద్ధ చరిత్రలను ఐదేళ్లలో సంకలనం చేయాలని, రికార్డులను సాధారణంగా పాతికేళ్లకు బహిరంగపరచాలని 2021లో రక్షణ మంత్రిత్వశాఖ విధానం ప్రకటించింది. మంచిదే. కానీ బయటికి వచ్చే ఆ కాగితాలను చదివి, విడమరచి చెప్పేవారెవరు? 2020 జనవరిలో సైనిక వ్యవహారాల విభాగం ఏర్పడి, త్రివిధ దళాల ప్రధానాధికారి (సీడీఎస్) హోదాలో ఉన్నవారే దానికి కార్యదర్శి అయ్యారు. అంటే యూనిఫాం వేసుకున్నవారు మంత్రిత్వశాఖ లోపల కూర్చుని ఫైళ్లు నడిపే రోజులు వచ్చాయి. వారు పదవీ విరమణ చేశాక ఆ అనుభవం ఎక్కడికి పోవాలి?

హైదరాబాద్‌కు ఈ విషయంలో మంచి వసతి ఉంది. సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. 1970లో మొదలైన ఆ సంస్థలో త్రివిధ దళాల సీనియర్ అధికారులు చదువుతారు, వారికి పట్టా ఇచ్చేది ఉస్మానియా విశ్వవిద్యాలయం. అంటే కర్నళ్ల చేతికి పట్టా అందించే విశ్వవిద్యాలయమే, ఆ కర్నళ్లు నేర్చుకున్న దాంట్లో కొంతైనా ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కే పల్లెటూరి పిల్లవాడికి ఎందుకు అందించకూడదు? అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు 1950లలో ఉస్మానియా ఉపకులపతిగా పనిచేశారు, 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. తరగతి గది నుంచి రక్షణశాఖకు దారి మన నగరం మీదుగా ఎప్పుడో పడింది. తిరుగుదారి కూడా పడాలన్నదే నా కోరిక.

నేను ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధిస్తాను. 2020లో చైనా సేనలతో జరిగిన గల్వాన్ లోయ ఘర్షణ తరువాత మా విద్యార్థులను వేధించిన ప్రశ్న ఒకటే: సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు దళం దగ్గర ఆయుధాలుండి కూడా ఎందుకు కాల్చలేదు? 1996 నాటి భారత్-చైనా ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని నేను చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, అంతే. తరువాత ఒక విశ్రాంత అధికారిని మాట్లాడమని పిలిచాం. ఆయన క్షిపణుల ఊసే ఎత్తలేదు. బోర్డు మీద శ్రీనగర్ నుంచి లేహ్ దాకా ఒక గీత గీసి, మధ్యలో జోజి లా కనుమ దగ్గర సున్నా చుట్టి, మంచు పడి ఈ దారి మూసుకుపోతే పైనున్న స్థావరానికి కిరోసిన్ ఎలా చేరుతుందని అడిగారు. ఎవరూ పలకలేదు. తలా ఒక కాగితం ఇచ్చి, పిండి, పప్పు, కిరోసిన్, మందులు, బూట్లు చలికాలానికి ముందే ఎంత చేర్చుకోవాలో లెక్క కట్టమన్నారు. గంట మోగినా ఎవరూ లేవలేదు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, మరి బడ్జెట్ మంజూరు ఆలస్యమైతే ఏమవుతుందని అడిగింది. దేశరక్షణ మీద నా తరగతిలో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. ఇంత చేసిన ఆయనకు మా కళాశాల శాలువా కప్పి, టీ ఇచ్చి పంపించింది. మళ్లీ పిలవడానికి పద్దు లేదన్నారు.

పద్దు లేకపోయినా నిబంధన ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. తమ రంగంలో కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారిని, పీహెచ్‌డీ లేకపోయినా, బోధనకు తీసుకోవచ్చు. అందులో సాయుధ దళాల ప్రస్తావన స్పష్టంగా ఉంది. ఇలాంటివారు మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకూడదు, ఒకరి పదవీకాలం నాలుగేళ్లు దాటకూడదు, మంజూరైన పోస్టుల సంఖ్య దీనివల్ల తగ్గకూడదు. ఈ చివరి షరతును అధికారులు అక్షరాలా పాటించాలి. మన విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నిండక, పరిశోధన పూర్తి చేసిన యువకులు గంటల లెక్కన జీతం తీసుకుంటూ నలిగిపోతున్నారు. కర్నల్ గారిని చూపించి వారి పొట్ట కొడితే మొదట ఎదిరించేవారిలో నేనూ ఉంటాను.

విశ్వవిద్యాలయాలు సైన్యం భజన చేసే చోట్లుగా మారతాయేమోనని నా మిత్రులు కొందరు భయపడుతున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేను. అందుకే వచ్చే అధికారి ఒంటరిగా కాక, చరిత్ర లేదా రాజనీతిశాస్త్ర విభాగం అధ్యాపకుడితో కలిసి కోర్సు నడపాలి. 1962 కూడా పాఠంలో ఉండాలి, సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టంపై ఈశాన్య రాష్ట్రాల ప్రజల అభ్యంతరాలూ ఉండాలి. ప్రశ్నించిన విద్యార్థిని దేశద్రోహి అనే గొంతుకు ఆ గదిలో చోటుండకూడదు. ఇక రహస్యాలంటారా, బడ్జెట్ పత్రాలు, పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలు, కార్గిల్ నివేదిక ఇవన్నీ అందరికీ అందుబాటులో ఉన్నవే. ముందు వాటిని చదవడం నేర్పితే చాలు.

ఉస్మానియా అధికారులు, తెలంగాణ ఉన్నత విద్యామండలి కలిసి వచ్చే విద్యా సంవత్సరానికి రెండు క్రెడిట్ల కోర్సు ఒకటి ప్రారంభించాలి. కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌తో ఇప్పటికే ఉన్న సంబంధాన్ని ఇందుకు వాడుకోవాలి. పాఠాలు తెలుగులోనూ ఉండాలి. జిల్లాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలకు రికార్డు చేసి పంపాలి. వచ్చే అధికారికి వేతనం, ప్రయాణ ఖర్చులు విశ్వవిద్యాలయం పద్దులోనే చూపాలి.

ఇట్లు,
ఒక రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్