దారి ఖర్చు సరే, విడిది ఖర్చు ఎవరిది?

సంపాదకులకు,

బ్రిటన్ రాజకుటుంబం 2021-22 వార్షిక జమాఖర్చులపై మీ అంతర్జాతీయ పేజీలో వచ్చిన వార్త చూశాను. 2022 మార్చిలో యువరాజు విలియం, కేట్ దంపతులు ఒకప్పటి బ్రిటిష్ వలసలైన బెలీజ్, జమైకా, బహమాస్‌లకు వెళ్లిరావడానికి 2 లక్షల 26 వేల పౌండ్లు అయిందట. మన డబ్బులో 2 కోట్ల పైమాటే. అక్కడితో వార్త అయిపోయింది. సంక్రాంతికి అల్లుడు రైలు ఛార్జీ తానే పెట్టుకున్నాడని మెచ్చుకుని, మామగారి అప్పు సంగతి అడగనట్టుంది.

ఆ మొత్తం దారి ఖర్చు మాత్రమే. విమానం దిగాక బందోబస్తు, బ్యాండు మేళం, కవాతులు ఎవరి పద్దులో పడ్డాయి? బహమాస్‌లో బానిసత్వానికి నష్టపరిహారం కోరుతున్న జాతీయ కమిటీ ఆ రోజుల్లోనే ఈ మాట నిలదీసింది: ఈ పర్యటన ఖర్చు మా జనం ఎందుకు మోయాలి అని. 2019లో డోరియన్ తుపాను ఊళ్లకు ఊళ్లు ఊడ్చుకుపోయిన అబాకో దీవి ఆ దేశంలోనిదే.

ఇక జమైకా. తెల్లటి దుస్తుల్లో ఆ దంపతులు పైకప్పు లేని పాత లాండ్ రోవర్‌లో నిలబడి సైనికుల వందనం అందుకుంటున్న ఫోటోను అప్పట్లో మీరు మూడు కాలమ్‌ల వెడల్పున వేశారు. బానిసత్వానికి క్షమాపణ చెప్పమంటూ అక్కడి ప్రముఖులు వంద మంది 60 కారణాలతో రాసిన బహిరంగ లేఖకు మాత్రం మీ దగ్గర చోటు దొరకలేదు. 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసినప్పుడు లండన్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఎవరికి? యజమానులకు! బానిసలకు చిల్లిగవ్వ లేదు. అందుకోసం చేసిన అప్పు 2015లో గాని పూర్తిగా తీరలేదు. లెక్కలు రాయడం చేతకాని వాళ్లేమీ కాదు.

ఆ మాటకొస్తే రాజకుటుంబం వాళ్లు ఏటా ఒక లెక్కల పుస్తకమైనా అచ్చువేస్తారు. మరి ఇక్కడో? మా ఊరికి మంత్రిగారు వచ్చిన రోజు పొద్దున ట్రాక్టరులో దిగిన పూలకుండీలు, ఆయన కారు మలుపు తిరగ్గానే మళ్లీ ట్రాక్టరెక్కాయి. ఆయన నడిచినంత మేర కొత్త తారు, ఆ పైన యథాప్రకారం గుంతలు. ఎంతయిందో చెప్పమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే ఒక కార్యాలయం మరో కార్యాలయానికి పంపింది, వారు భద్రంగా మొదటి కార్యాలయానికే తిప్పి పంపారు. మా సర్వీసులో టీ ఖర్చుకు కూడా రసీదు లేనిదే సంతకం పెట్టేవాళ్లం కాము. ఇప్పుడు అడిగినవాణ్ని వింతగా చూస్తున్నారు.

జమైకా, బహమాస్ ఖజానాల మీద ఎంత పడిందో మీ విలేకరి కనుక్కొని రాస్తే చదవాలని ఉంది. పనిలో పనిగా ఆ పూలకుండీల అద్దె కూడా కనుక్కోగలిగితే మరీ సంతోషం.

– ఒక విశ్రాంత ఆడిట్ ఉద్యోగి, గుంటూరు జిల్లా