మన గురించి మనం చెప్పే నిజం

సంపాదక మహాశయులకు,

నిత్యజీవితంలో సంపూర్ణ నిజాయితీ సాధ్యమా అన్న చర్చ వచ్చినప్పుడల్లా వాదన రెండు కొసలకు పోతుంది. మనసులో ఉన్నది మొహం మీదే అనేయడం నిజాయితీ అని కొందరంటారు. లోకం తీరు తెలిసినవాడెవడూ అబద్ధమాడకుండా నెగ్గుకురాలేడని, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న సామెతను మరికొందరు ఆసరా తెచ్చుకుంటారు. ఇద్దరి దృష్టీ ఎదుటివారితో, ఎదుటివారి గురించి అనే మాటల మీదే ఉంది. నా మట్టుకు, నిజాయితీకి అసలు పరీక్ష మన సంగతులు మనం చెప్పుకునేటప్పుడే ఎదురవుతుంది.

ముక్కుసూటి మనుషులమని చెప్పుకునేవారిని గమనించండి. ఇతరుల రూపం మీద, తెలివి మీద, పెంపకం మీద వెనుకాడకుండా తీర్పులిస్తారు. తాము మాట తప్పిన సంగతో, అసూయ పడిన సంగతో వచ్చేసరికి ఆ సూటిదనం ఎటుపోతుందో తెలియదు. అడగని అభిప్రాయాన్ని లోపలే ఉంచుకున్నంత మాత్రాన ఎవరూ అబద్ధాలకోరు అయిపోరు. లేనిదాన్ని ఉన్నట్టు ఎదుటివారు నమ్మేలా చేస్తేనే అది మోసం. అందుకు పచ్చి అబద్ధమే అక్కర్లేదు, సగం నిజం చాలు. ధర్మరాజు ‘కుంజరః’ అన్న మాటను గొంతు తగ్గించి పలికింది అందుకే కదా.

1996లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెల్లా డిపాలో బృందం, తాము ఆడే అబద్ధాలను వారం రోజుల పాటు డైరీలో రాసుకోమని కొందరిని కోరింది. కళాశాల విద్యార్థులు రోజుకు సుమారు రెండు, తక్కినవారు సుమారు ఒకటి ఆడినట్టు తేలింది. ఇతరుల మనసు నొప్పించలేకనే అబద్ధమాడతామని మనం చెప్పుకుంటాం గానీ, ఆ డైరీల్లో తమ మేలు కోసం ఆడినవే ఎక్కువ. అదే పరిశోధకురాలు 2004లో వెల్లడించిన మరో అధ్యయనం ఇంకా కలవరపెడుతుంది: తీవ్రమైన అబద్ధాలు ఎక్కువగా నడిచేది అత్యంత సన్నిహితుల మధ్యనేనట. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పరాయివారి దగ్గర పోగొట్టుకునేది ఏముంది గనుక?

సన్నిహితుల మధ్య అబద్ధం చాలాసార్లు ‘నీ మంచి కోసమే’ అన్న ముసుగులో వస్తుంది. పెద్ద జబ్బు చేసినవారికి ఆ సంగతి తెలియనివ్వకుండా ఇంటిల్లిపాదీ నటించడం ఇలాంటిదే. 1961లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో వైద్యులు నూటికి దాదాపు 90 మంది, క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. 1979లో అదే ప్రశ్నావళిని మరికొందరు వైద్యుల ముందు ఉంచితే 97 శాతం మంది చెప్పడానికే మొగ్గారు. వైద్యవృత్తి ఇరవై ఏళ్ల లోపే ఇంతగా మారగలిగింది, కుటుంబాలు మాత్రం ఇంకా తటపటాయిస్తున్నాయి. తనకు మిగిలిన కాలాన్ని ఎలా గడపాలో, ఎవరితో ఏం మాట్లాడాలో నిర్ణయించుకునే అవకాశాన్ని రోగి చేతిలోంచి లాక్కుని, దానికి ప్రేమ అని పేరు పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ నటన వల్ల తేలికపడేది ఎక్కువగా నటించేవారి మనసే. వద్దు, నాకేమీ చెప్పకండి అని రోగే అంటే అది వేరే సంగతి.

హంతకుడు తలుపు తట్టి, లోపల దాక్కున్న స్నేహితుడి గురించి అడిగితే నిజం చెప్పాలా అని ఎవరో ఒకరు అడుగుతారు. చెప్పాల్సి వచ్చినా అబద్ధం మాత్రం ఆడరాదని 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ వాదించాడు. నేను ఆయనతో ఏకీభవించను. కానీ అలాంటి హంతకుడు మనలో ఎవరి తలుపూ తట్టడు. మన తలుపు తట్టేది పిలుపులు, అభ్యర్థనలు, వాయిదాలు. రావడం ఇష్టం లేనప్పుడు రాలేనని అనకుండా ఒంట్లో బాగోలేదంటాం, చేయలేమని తెలిసిన పనికి కూడా ‘చూద్దాం’ అంటాం. ఆ ‘చూద్దాం’ను నమ్మి మరొకరు మరో దారి వెతుక్కోవడం మానేస్తారు. మృదువుగానే అయినా స్పష్టంగా కాదనడం నేర్చుకుంటే రోజువారీ అబద్ధాల్లో చాలావాటికి చోటే ఉండదు. ఇతరులు నమ్మి చెప్పిన రహస్యాలకూ ఇదే వర్తిస్తుంది. ‘అది నేను చెప్పకూడని విషయం’ అన్న జవాబులో అబద్ధం లేదు, ద్రోహమూ లేదు.

ఇక వినేవారి సంగతి. తప్పు ఒప్పుకున్న పిల్లవాడికి దెబ్బలు, దాచిపెట్టి దొరకనివాడికి మెప్పు దక్కే ఇంట్లో పిల్లలు ఏది నేర్చుకుంటారో చెప్పనక్కర్లేదు. భార్యాభర్తల మధ్యా అంతే: ఒకసారి నిజం చెప్పిన పాపానికి ఏళ్ల తరబడి దెప్పిపొడుపులు పడినవారు రెండోసారి నోరు విప్పరు. ఎదుటివారు తనతో దాపరికం లేకుండా ఉండాలని కోరుకునేవారు, చేదు నిజం విన్నాక తామెలా ప్రవర్తించారో ముందుగా వారినే అడిగి తెలుసుకోవాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు