జెనీవాకి మా కళ్ళం సంగతి కూడా తీసుకెళ్ళండి

కేంద్ర వాణిజ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో వంశధార కాలువ కింద వరి పండించే రైతుని. నూర్పులయ్యాక కళ్ళంలో రెండు గింజలు పంటి కింద పెట్టి చూస్తాం. టక్కున విరిగితే మీటర్లో తేమ 17 శాతం లోపే ఉంటుందని ధైర్యం. ఈలోపు మబ్బేస్తే పరదాల కోసం పరుగులు. ధాన్యం అమ్ముడయ్యేదాకా ఇంటిల్లిపాదికీ టెన్షనే. సర్కారు మద్దతు ధరకి కొంటుందన్న నమ్మకం ఒక్కటే మాకు ఆసరా.

జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ లెక్కలో ఆ ఆసరా పంట విలువలో 10 శాతం దాటకూడదు. దాన్ని కొలిచేది మాత్రం 1986-88 నాటి అంతర్జాతీయ ధరతో! ఆ ధరకీ ఇప్పటి మద్దతు ధరకీ ఉన్న తేడానే ఆసరాగా లెక్కేస్తారు. 1986-87లో క్వింటా ధాన్యం మద్దతు ధర 146 రూపాయలు. 2025-26లో 2,369. కూలి, డీజిల్, ఎరువు ఎంత పెరిగినా లెక్కలోని ఆ 1986-88 ధర కదలదు. ఇది అన్యాయం సార్. 2018-19లో బియ్యం విషయంలో మనం పరిమితి దాటాం. అప్పుడు మనల్ని కాచింది 2013లో బాలి సమావేశంలో దక్కిన శాంతి నిబంధన, అంటే పరిమితి దాటినా మన మీద కేసు పెట్టకూడదన్న ఒప్పందం. 2017 కల్లా శాశ్వత పరిష్కారం తెస్తామన్నారు. 2024లో అబుదాబిలోనూ తేలలేదు.

బాలిలో మనం ఒంటరిగా లేం. ఇండోనేషియా ముందుండి నడిపే జీ-33 అనే వర్ధమాన దేశాల కూటమే సర్కారు ధాన్యం కొనుగోళ్ళకి వెసులుబాటు ఇవ్వాలన్న ప్రతిపాదన పెట్టింది. 2022లో ఆఫ్రికా దేశాలూ కలిశాయి. ఈ స్నేహాన్ని మనమే పలచబరుచుకుంటున్నామని నా బాధ. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఒక్కసారిగా ఆపేశాం. ఆఫ్రికాలోని సెనెగల్‌లో మన నూకలే వండుకునే ఇళ్ళు ఎన్నో. చిన్నప్పుడు నూకల జావతో పొద్దు గడిపినవాణ్ణి, ఆ ఇళ్ళలో ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. మన పలాస జీడి బట్టీలకి పిక్కలు వచ్చేది కూడా ఆఫ్రికా నుంచే కదా.

అందుకే అడుగుతున్నాను. ఎగుమతులు ఆపాల్సి వస్తే ముందు ఆ దేశాలకి చెప్పండి, వాళ్ళ తిండికి సరిపడా పంపండి. రేషన్ కోసం కొన్న నిల్వలు చౌకగా బయటి మార్కెట్‌కి వెళ్ళవని రాసివ్వండి. థాయ్‌లాండ్, పాకిస్తాన్ లాంటి బియ్యం అమ్మే దేశాల భయం అదే. ఆఫ్రికా దేశాలైన బెనిన్, మాలి, చాద్, బుర్కినా ఫాసో తమ పత్తి రైతుల కోసం ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నాయి. వాళ్ళ పక్కన గట్టిగా నిలబడండి. ఆ తర్వాత అందరూ కలిసి ఆ 1986-88 ధరని మార్చమని పట్టుబట్టండి.

ఇట్లు,
వంశధార ఆయకట్టు వరి రైతు