టికెట్టు వాళ్లది, తుపాకీ మందు మాది

సంపాదకుడికి,

పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపించే ప్రదర్శనల వల్ల పర్యాటకం ఎంత బాగా సాగుతోందో చెబుతూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. హోటళ్లకు ఎంత, బస్సులకు ఎంత, దుకాణాలకు ఎంత అని లెక్కలన్నీ ఉన్నాయి. మైదానంలో సైనికుడి వేషం వేసుకుని తూటా తగిలినట్టు పడిపోయేవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఎనిమిదేళ్లుగా అలా చచ్చి లేస్తున్నవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు ఎవరూ జీతం ఇవ్వరు. ఉన్ని కోటు, బూట్లు, టోపీ, మస్కెట్ తుపాకీ అన్నీ సొంత డబ్బుతో కొనుక్కున్నవే. కోటు గుండీ ఇత్తడిదా, తగరానిదా అని పాత బొమ్మలు ముందేసుకుని వారాల తరబడి వాదించుకుంటాం. మండుటెండలో ఆ ఉన్ని కోటుతో కవాతు చేసి సొమ్మసిల్లినవాళ్లు మా దళంలోనే ఉన్నారు. ఇదంతా మా పిచ్చి, ఎవరూ బలవంతపెట్టలేదు. నా ఫిర్యాదు దాని గురించి కాదు.

నిరుడు మేం వెళ్లిన ఒక కార్యక్రమంలో ప్రేక్షకులకు ప్రవేశ టికెట్టు పెట్టారు. గ్యాలరీలో కూర్చోవాలంటే ఇంకో టికెట్టు, కారు నిలపాలంటే మరొకటి. అదే గేటు దగ్గర మా నుంచి కూడా రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకున్నారు. పేల్చే మందు మేమే తెచ్చుకోవాలి. మధ్యాహ్నానికి డేరాల దగ్గర నీళ్ల ట్యాంకు ఖాళీ అయింది. వెళ్లి అడిగితే 'మీరు వాలంటీర్లు కదండీ, కాస్త సర్దుకోండి' అన్నారు. సొమ్మొకడిది, సోకొకడిది.

నిర్వాహకుల ఇబ్బందులూ నాకు తెలుసు. స్థలం అద్దె, అంబులెన్సు, బీమా, మరుగుదొడ్లు, ఇవేవీ ఉత్త పుణ్యానికి రావు. టికెట్టు పెట్టడమే తప్పని నేను అనను. అమెరికా అంతర్యుద్ధ ప్రదర్శనల్లో కొన్నిచోట్ల ఫిరంగి తెచ్చిన బృందానికి మందు ఖర్చు కింద ఫిరంగికి ఇంత అని ముట్టజెబుతారు. 1993లో అక్కడ విడుదలైన ఓ యుద్ధం సినిమాలో వేలమంది వాలంటీర్లు కూలి లేకుండా నటిస్తే, నిర్మాత పక్షం వాళ్లు యుద్ధభూమి పరిరక్షణకు విరాళం ఇచ్చారు. బ్రిటన్‌లో ఇలాంటి యుద్ధ ప్రదర్శనలు జరిపే, 1968లో మొదలైన సీల్డ్ నాట్ సంఘం చారిటీగా నమోదై నడుస్తోంది. అంటే, డబ్బు ఎటు పోతోందో చెప్పి కూడా ఈ పని చెయ్యవచ్చు.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది భద్రత. మైదానంలో మందు కూరే ఇనుప కడ్డీని తుపాకీ గొట్టం కింద అది ఉండే చోటు నుంచి బయటికి తియ్యకూడదన్నది మాలో పెద్ద నియమం. హడావిడిలో దాన్ని గొట్టంలోనే మరిచిపోయి పేలిస్తే బాణంలా దూసుకుపోతుంది. గురి ఎప్పుడూ మనుషుల మీద కాకుండా తలలకు బాగా పైన గాలిలోకే ఉండాలి. ప్రతి ప్రదర్శనకూ ముందు ప్రతి తుపాకీనీ తనిఖీ చెయ్యాలి. దీనికి టైం పడుతుంది. టికెట్లు బాగా అమ్ముడయ్యాయని నిరుడు రోజుకు రెండు ఆటలు వేశారు. రెండో ఆటకు ముందు తనిఖీని 'త్వరగా కానివ్వండి' అని తొందరపెట్టారు. మా దళపతి ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది.

కథ కూడా మారిపోతుంది. నిజానికి అంత దూరం వచ్చాక మొదటి ఐదు నిమిషాల్లోనే చావడం మాలో ఎవరికీ ఇష్టం ఉండదు. చస్తే చెట్టు నీడన చద్దామని చూస్తాం, అది మా బలహీనత. ఇప్పుడు నిర్వాహకులే ఎవరు ఎక్కడ పడాలో చెబుతున్నారు, ఖరీదైన సీట్ల ముందు ఎక్కువమంది పడాలట. ఓడిన సైన్యాన్ని గ్యాలరీ ముందుకు తెచ్చి ఇంకోసారి దాడి చేయించారు. అసలు యుద్ధం జరిగిన రోజు ఆ దాడే జరగలేదు. పక్కన నిలబడ్డ పిల్లలు అదే చరిత్ర అనుకుని ఇంటికి వెళ్లారు.

ఇది కొత్త గొడవేమీ కాదు. 1961 జులైలో అమెరికా అంతర్యుద్ధంలోని మనాసస్ యుద్ధానికి నూరేళ్లయిన సందర్భంగా అసలు యుద్ధభూమిలోనే, గ్యాలరీలకు టికెట్లు పెట్టి, 2,000 మందికి పైగా వేషధారులతో ప్రదర్శన జరిపారు. మనుషులు చనిపోయిన చోటును తిరునాళ్ల చేశారని విమర్శలు వచ్చాయి. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ తన ఆధీనంలోని యుద్ధభూముల్లో ఎదురెదురుగా కాల్చుకుంటూ చచ్చినట్టు పడే ప్రదర్శనలను నిషేధించింది. శిబిరాలు వేసుకోవచ్చు, తుపాకీ ఎలా పేలుతుందో చూపించవచ్చు, అంతవరకే. దాంతో పెద్ద ప్రదర్శనలు ప్రైవేటు పొలాలకు మారాయి, లెక్కలు అడిగేవాళ్లూ తగ్గారు.

వచ్చే సీజన్‌కు అదే నిర్వాహకుల నుంచి మా దళానికి మళ్లీ పిలుపు వచ్చింది. ఫీజు గడి ఖాళీగా వదిలేసి, ఫారం వెనక మూడు ప్రశ్నలు రాసి పంపాం. టికెట్టు డబ్బు ఎవరికి వెళ్తుందో టికెట్టు మీదే అచ్చు వేస్తారా? మందు, నీళ్లు, బీమా ఖర్చు మీరు భరిస్తారా? ఆట ఆపాలంటే చివరి మాట మా దళపతిదా, మీ మైకు పట్టుకున్న ఆయనదా?

నెల దాటింది. బాకీ ఫీజు వెంటనే కట్టమని మాత్రం రెండుసార్లు గుర్తు చేశారు.

ఇట్లు,
ఒక వాలంటీర్ సైనికుడు