సరుకు చేరేలోపే అధికారి బదిలీ: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

రక్షణ మంత్రి గారికి నమస్కారాలతో,

సైన్యంలో సరఫరా చూసే సీనియర్ అధికారుల మాట ఎత్తితే చర్చ పదోన్నతుల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. మా విన్నపం బదిలీ గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, బదిలీ జరిగే నెల గురించి.

లద్దాఖ్ సంగతే చూడండి. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో 3,528 మీటర్ల ఎత్తున ఉన్న జోజిలా కనుమ ఒకప్పుడు నెలల తరబడి మూసుకుపోయేది. సరిహద్దు రహదారుల సంస్థ శ్రమతో 2023లో 68 రోజులకే తెరిచారు. మనాలీ వైపు 2020 అక్టోబరులో అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తంగ్ కనుమ బెడద తప్పింది. దాని అవతల బారాలాచాలా కనుమ మీద మంచు మాత్రం ఎప్పటిలాగే పడుతోంది. కనుమలు తెరిచి ఉన్న నెలల్లోనే బియ్యం, పప్పు, డబ్బాల కూరలు, కిరోసిన్, డీజిల్, మందులు, మందుగుండు, చలిదుస్తులు పైకి చేరాలి. దీన్నే శీతాకాలపు ముందస్తు నిల్వ అంటారు.

ఇందులో తప్పులు చేసిన రోజున బయటపడవు. 200 లీటర్ల పీపాను సగం నింపి వదిలేస్తే, లోపలి గాలిలోని తేమ రాత్రి చలికి నీరై అడుగుకు దిగుతుంది. జనవరిలో అదే గడ్డకట్టి బండి ఫిల్టరును మూసేస్తుంది. మామూలు డీజిల్‌లోని మైనం చలికి పేరుకుంటుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను లద్దాఖ్‌కు తెచ్చింది. కానీ రెండు రకాల పీపాలనూ యార్డులో గుర్తులు లేకుండా కలిపి పేరిస్తే ఆ మేలు ఎవరికీ అందదు. కొత్త పెట్టెలను పాతవాటి ముందు సర్దితే పాతవి గోడకు చేరి గడువు దాటిపోతాయి. మనుషుల లెక్కా అంతే. 9,000 అడుగులు దాటాక ఒంటికి పలచని గాలి అలవాటు పడటానికి మొదట 6 రోజులు, 12,000 దాటాక మరో 4, 15,000 దాటాక ఇంకో 4, మొత్తం 14 రోజులు ఆగాలి. కింది నుంచి వచ్చే బదలీ డ్రైవర్లకు ఈ రోజులు కలపకుండా కాన్వాయ్ (సరుకు లారీల వరుస) పట్టిక వేస్తే, జులైలో లారీలు ఉంటాయి, తోలేవాళ్లు ఉండరు.

ఇండెంటు (కావలసిన సరుకు కోరే పత్రం) పెట్టడం, టెండరు, వేసవి రవాణా, చలికాలపు వాడకం, వసంతంలో మిగులు లెక్క: ఈ చుట్టు పూర్తవడానికి ఏడాదిన్నరకు తక్కువ పట్టదు. కల్నల్ కమాండ్ పదవీకాలమేమో సుమారు రెండు, రెండున్నరేళ్లు. పైగా బదిలీలు ఎక్కువగా పిల్లల పరీక్షలు అయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి. సరిగ్గా కాన్వాయ్‌లు కదిలే వేళ. కొత్తగా వచ్చినాయన ఒక చేత్తో లారీలు పంపుతూ మరో చేత్తో చార్జి కాగితాల మీద సంతకాలు పెడతారు. పీపాలు తట్టి చూసే తీరిక ఉండదు, రిజిస్టరులో ఉన్నదే లెక్క అవుతుంది.

కొనుగోళ్ల దగ్గర ఈ పొంతన మరీ తప్పింది. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, ఎత్తైన ప్రాంతాల దుస్తులు, సామగ్రి కొనుగోలులో నాలుగేళ్ల దాకా ఆలస్యం ఉందని చెప్పింది. నాలుగేళ్లంటే ఒకే ఫైలు మీద కనీసం ఇద్దరు అధికారులు మారినట్టే. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ప్రత్యేక రేషన్‌లో ఒక వస్తువుకు బదులు అదే ఖరీదు చేసే మరోదాన్ని ఇవ్వడం వల్ల జవాన్లకు అందే కేలరీలు 82 శాతం దాకా తగ్గాయట. ధర సరిపోయింది, తిండి సరిపోలేదు. ఆ లెక్కలు పాతవే కావచ్చు. తప్పు పుట్టిన చోటు మాత్రం మారలేదు.

కాబట్టి నిల్వ డిపోల్లో చార్జి అప్పగింతను ఏప్రిల్ నుంచి నవంబరుకు మార్చండి. చివరి కాన్వాయ్ చేరాక గోదాము నిండుగా ఉంటుంది. వెళ్లేవారు, వచ్చేవారు నాలుగు వారాలు కలిసి పెట్టె పెట్టెనూ లెక్కపెట్టుకోవచ్చు. అప్పుడు రెండేళ్ల పోస్టింగులోనే రెండు చలికాలాలు, రెండు వేసవులు పడతాయి. దీనికి అడ్డు పిల్లల చదువు ఒక్కటే. విద్యాసంవత్సరం ముగిసేదాకా పాత క్వార్టరును కుటుంబానికి ఉంచితే ఆ చిక్కూ తీరుతుంది.

కొనుగోలు విభాగాలకు రెండేళ్లు చాలవు, ఐదేళ్లు కావాలి. అందుకు మనుషులు ఉన్నారు. కల్నల్ పదోన్నతికి ఎంపిక చేసే బోర్డు దాటని లెఫ్టినెంట్ కల్నల్‌కు 54 ఏళ్లకు విరమణ వచ్చేదాకా చాలా సర్వీసు మిగిలి ఉంటుంది. 26 ఏళ్ల సర్వీసుకు, బోర్డు ఎంపిక లేకుండానే, టైమ్ స్కేల్ కల్నల్ హోదా వస్తుంది గానీ ఆ అనుభవానికి తగిన పని దొరకడం తక్కువ. కల్నల్ ఖాళీల పంపకం మీద సర్వీస్ కోర్ (రేషన్, ఇంధనం, రవాణా), ఆర్డినెన్స్ (ఆయుధాలు, సామగ్రి నిల్వ), ఈఎంఈ (మరమ్మతులు) విభాగాల అధికారుల పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 ఫిబ్రవరిలో కోర్టు ఆ విధానాన్ని సమర్థించింది. దాన్ని తిరగదోడమని మేం అడగడం లేదు. బోర్డు దగ్గర ఆగిన వారికి డిపో, కొనుగోలు నిపుణులుగా వేరే దారి తెరవమంటున్నాం. జబల్‌పూర్‌లోని మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ కళాశాల, సికింద్రాబాద్‌లోని రక్షణ నిర్వహణ కళాశాల ఉండనే ఉన్నాయి.

అధికారి పనితీరుపై రాసే వార్షిక రహస్య నివేదిక సంగతి కూడా. ఒక చలికాలానికి వేసిన అంచనాకూ, నిజంగా అయిన వాడకానికీ ఉన్న తేడా, గడువు దాటిన సరుకు విలువ, ఏడాది దాటినా తీరని ఇండెంట్ల సంఖ్య: ఈ మూడూ ఆ ప్రణాళిక వేసిన అధికారి పేరు మీదే, ఆయన బదిలీ అయి వెళ్లినా సరే, పదోన్నతి బోర్డు ముందుకు రావాలి. ఇప్పుడు ముందాయన చేసిన తప్పు వెనకాయన నివేదికలో కూర్చుంటోంది.

1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం సరఫరా బాధ్యతంతా విలియం పగోనిస్ అనే ఒక్క అధికారికి అప్పగించి, యుద్ధం మధ్యలోనే ఆయనకు మూడో నక్షత్రం, అంటే లెఫ్టినెంట్ జనరల్ హోదా, ఇచ్చింది. మేం అంత అడగడం లేదు.

లద్దాఖ్‌ను చూసే ఉత్తర కమాండ్‌లో ఒక్క డిపోను ఎంచుకుని, వచ్చే నవంబరు అప్పగింతతో మొదలుపెట్టించండి. రెండో వసంతపు మిగులు లెక్కను పొరుగు డిపో లెక్క పక్కన పెట్టి చూడండి.

ఇట్లు,
సైనిక సరఫరా వ్యవహారాలు ఎరిగిన కొందరు,
సికింద్రాబాద్