వీలునామా రాసే రోజు నువ్వు రావద్దు

తాడిపత్రి

చిరంజీవి చిన్నోడికి,

మీ అమ్మ ఆశీర్వదించి రాసేది.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను, పక్కన మీ అక్క పిల్లలు ఒకటే గోల. వీలునామా రాసే రోజు సెలవు పెట్టి వస్తానన్నావు, ఎవరితోనో చిత్తుప్రతి కూడా రాయించి పంపుతానన్నావు. రెండూ వద్దు నాయనా. నీమీద అనుమానం ఉండి చెప్పడం లేదు. ఆస్తి వచ్చేవాళ్లే ముందుండి రాయించారని తేలితే ఆ వీలునామాను కోర్టు అనుమానంగా చూస్తుంది. 1959లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పిందని మన వకీలు అన్నాడు. అనుమానం తీర్చాల్సిన భారం కూడా వీలునామా పట్టుకొచ్చినవాళ్లదేనట. రేపు అక్కకీ నీకూ మాటామాటా వస్తే, ఆ రోజు నా పక్కన నిలబడినందుకు నువ్వే ఇరుక్కుంటావు.

1925 నాటి వారసత్వ చట్టం నన్ను అడిగేది పెద్దగా ఏమీ లేదు. మతి సరిగ్గా ఉండాలి, ఎవరి బలవంతమూ ఉండకూడదు, ఇద్దరు సాక్షులు చూస్తుండగా సంతకం పెట్టాలి, వాళ్లు నా ఎదుటే సంతకాలు చేయాలి. షుగర్, బీపీ ఉన్నాయి గానీ మతికేం లోటు లేదు. చీనీకాయల టన్ను రేటు మీ బావకంటే నాకే బాగా తెలుసు! సాక్షులుగా మన వీధి డాక్టరునీ, నాతో బడిలో పనిచేసిన టీచరమ్మనీ అడిగాను. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు. నేను పోయాక కోర్టులో చెప్పాల్సి వస్తే ఎవరో ఒకరు ఉండాలి కదా. లోపల ఏం రాశానో వాళ్లు చదవక్కర్లేదు.

ఇంటి సంగతి వేరు. అది మీ నాయన సంపాదన. ఆయన ఏమీ రాయకుండా పోయాడు కాబట్టి నాకు, అక్కకు, నీకు సమానంగా మూడు భాగాలు. నేను రాయగలిగేది నా భాగం వరకే. అక్క భాగం నేను నీకు రాసినా చెల్లదు, నీ భాగం అక్కకు రాసినా అంతే. చీనీ తోట నా జీతంతో కొన్నది, నా ఇష్టం. బ్యాంకు డిపాజిట్లకు నువ్వు నామినీవి. అంటే డబ్బు నీ చేతికి ఇస్తారు, అంతే. అది ఎవరిదో వీలునామా చెప్తుంది.

తోట ఇప్పుడే రిజిస్టర్ చేసి ఇచ్చేయమన్నావు. దాన సెటిల్‌మెంట్ రాస్తే అది ఆ రోజే నీదవుతుంది, మళ్లీ నా చేతికి రావడం కష్టం. వీలునామా నేను పోయాకే అమల్లోకి వస్తుంది. ఈలోపు బోర్లు ఎండితే తోట అమ్ముకుంటాను, మనసు మారితే కొత్తది రాస్తాను, చివరిదే చెల్లుతుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ కూడా లేదు. అయినా చేయిస్తాను. నేను బతికున్నన్నాళ్లు దాని నకలు నాకో, నేను పంపిన ఏజెంటుకో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తెలిసినవాళ్లున్నారని ఆరా తీయకు. అమలు చేసే బాధ్యత మీ మేనమామకు రాస్తున్నాను, ఆయన ఒప్పుకున్నాడు.

తోట పాస్ పుస్తకం పోయినసారి నువ్వు తీసుకెళ్లావు. సర్వే నంబర్లు అందులో చూసే రాయించాలి. ఈ వారంలోనే కొరియర్ చెయ్యి.

మీ అమ్మ