వార్షిక నివేదిక 2024–25: గురువు రాని ఆదివారమూ ఆగని తెలుగు తరగతి

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సభ్య కుటుంబాలకు నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు బెంగళూరులోని మన తెలుగు సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఈ ఆర్థిక సంవత్సరంలోనే రెండు ఉగాదులు (2024 ఏప్రిల్ 9, 2025 మార్చి 30) వచ్చాయి. రెండింటినీ, వాటి నడుమ వినాయక చవితిని, కార్తిక వనభోజనాలను అందరం కలిసి జరుపుకున్నాం. వాటి వివరాలు, ఫొటోలు సభ్యులకు ఎప్పటికప్పుడు చేరాయి కనుక ఈ నివేదికలో అధిక భాగాన్ని మన ఆదివారం తెలుగు తరగతులకే కేటాయిస్తున్నాను.

బెంగళూరులో మన తరగతులకు పాఠం చెప్పేవారందరూ ఉద్యోగస్తులే. రాత్రి షిఫ్టు, హఠాత్తుగా వచ్చిపడే విదేశ ప్రయాణం, ఊళ్లో పెద్దల అనారోగ్యం, ఇలా ఏదో ఒక కారణంతో నెలలో ఒక్క ఆదివారమైనా ఎవరో ఒకరు రాలేకపోవడం సహజం. అందుకు వారిని తప్పుపట్టలేం. అయితే గురువు రాలేనప్పుడల్లా శనివారం రాత్రి ‘రేపు తరగతి లేదు’ అని వాట్సాప్‌లో కబురు పెట్టడం మనకు అలవాటైపోయింది. వరుసగా రెండు వారాలు అలా గడిస్తే మూడో వారం పిల్లలను బయలుదేరదీయడం తల్లిదండ్రులకు ఎంత కష్టమో అందరికీ తెలుసు. పాఠం మనిషితో పాటే ఊరు వెళ్లిపోకుండా పాఠ్యప్రణాళికనే మార్చుకోవాలని పాఠ్య ఉపసంఘం వేసవి సెలవుల్లో నిర్ణయించింది.

మొదట పాఠాలన్నింటినీ రెండుగా విడదీశారు. గుణింతాలు రాకుండా వత్తులు చెప్పలేం, వత్తులు పట్టుబడకుండా సంయుక్తాక్షరాలున్న వాక్యాలు చదివించలేం. ఇవి వరుస తప్పకూడని పాఠాలు. కథ చెప్పడం, శతక పద్యం నేర్వడం, సామెతలు, పొడుపుకథలు, అమ్మమ్మకు ఉత్తరం రాయడం వంటివి ఏ వారమైనా పెట్టుకోదగినవి. గురువు ఉన్న రోజు మొదటి రకం పాఠాలు సాగుతాయి, లేని రోజుకు రెండో రకం పాఠాలు సిద్ధంగా ఉంటాయి. ఈ రెండో రకంలో ఒక్కో పాఠానికి ఒక్కో సంచి తయారైంది. అందులో పాఠ్యపత్రం, అభ్యాసపత్రాలు, వాటి జవాబులు, ఆ గంటన్నరలో ఏది ముందు ఏది తరువాత అన్నది వివరించే చీటీ ఉంటాయి. ల–ళ, న–ణ, శ–ష–స తేడాలు కాగితం మీద నేర్చుకునేవి కావు కనుక వాటిని చక్కగా పలికే పెద్దల గొంతులతో రికార్డు చేయించి ఫోనులో వినిపించే ఏర్పాటు చేశారు. ప్రతి తరగతికీ ఒక దినచర్య పుస్తకం ఉంది. పాఠం ఎక్కడ ఆగింది, ఎవరికి ఏది ఇంకా పట్టుబడలేదు అన్న విషయాలు అందులో రాసి సంతకం చేయనిదే గది తాళం వేయకూడదన్న నియమాన్ని అందరూ పాటించారు. మరుసటి వారం కొత్తవారు వచ్చినా, ‘ఎంతవరకు అయింది?’ అని పిల్లలను అడిగే అవసరం రాలేదంటే అది ఈ పుస్తకం చలవే.

మన పిల్లలకు బడిలో కన్నడం నేర్పుతారు. గ, జ, ల, బ అక్షరాలు రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. క, త, శ అక్షరాల దగ్గర రూపం మారుతుంది. కన్నడం చదవగల పిల్లలకు మారిన అక్షరాలతోనే పాఠం మొదలుపెట్టవచ్చునని ఉపసంఘంలోని ఒక సోదరి సూచించారు. దానివల్ల ఆరంభ తరగతి ఎంతో తేలికైంది. ఆ పాఠాలను గురువు లేనప్పుడు తల్లిదండ్రులు సైతం చెప్పగలిగారు.

పై తరగతి పిల్లలు కింది తరగతివారి చేత చదివించడం, ఉక్తలేఖనం రాయించడం ఈ ఏర్పాటుకు ప్రాణం. ‘మా పిల్లల చదువు వెనకబడదా?’ అని కొందరు తల్లిదండ్రులు సందేహం వ్యక్తపరిచారు. ఇది మనం కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు, మన వీధిబడుల్లో ఉన్నదే. మద్రాసులో పనిచేసిన స్కాట్లండు మతగురువు ఆండ్రూ బెల్ ఇటువంటి పద్ధతినే 18వ శతాబ్దం చివర ఇంగ్లండుకు పరిచయం చేశాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో, ముందున్న విద్యార్థులు వెనుకవారికి చెప్పడం వల్ల తాము నేర్చినదాన్ని కూడా స్థిరపరచుకుంటారని మెచ్చుకున్నాడు. మన పిల్లల విషయంలోనూ అదే జరిగింది. చిన్నవాళ్లకు వత్తులు దిద్దించాక పెద్దపిల్లల రాతలో వత్తుల తప్పులు బాగా తగ్గాయి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన రోజు 2024 సెప్టెంబరు 1. గిడుగు రామమూర్తి పంతులు జయంతి అయిన ఆగస్టు 29 గురువారం కావడంతో తెలుగు భాషా దినోత్సవాన్ని ఆ ఆదివారం జరుపుకున్నాం. పై తరగతి గురువు అంతకు ముందే బదిలీపై వెళ్లిపోయారు, ఆయన స్థానంలో ఎవరూ దొరకలేదు. అయినా ఉత్తరాల సంచి, పద్యాల సంచి ఆధారంగా పిల్లలు తామే సాధన చేసి, తాతయ్యలకు, నాయనమ్మలకు స్వయంగా రాసిన ఉత్తరాలను వేదికపై చదివారు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ ఉత్తరాల్లో ఒక్క వాక్యం కూడా పెద్దలు రాసిచ్చింది కాదని ఈ సభకు సగర్వంగా తెలియజేస్తున్నాను.

సంచులు కుట్టిన మహిళా విభాగానికి, గొంతు అరువిచ్చిన పెద్దలకు, ప్రతులు ఉచితంగా తీసిచ్చిన జెరాక్సు దుకాణం యజమానికి, వారం వారం బెంచీలు సర్దిన యువకులకు, మజ్జిగ, పులిహోర పంపిన ఇళ్లన్నింటికీ, మారతహళ్లి నుంచి పిల్లలను తమ కార్లలో తీసుకువచ్చిన తండ్రులకు, బదిలీపై వెళ్లిన తరువాత కూడా ఫోనులో పెద్దపిల్లల వ్యాసాలు దిద్దుతున్న మన పాత గురువుగారికి సంఘం పక్షాన హృదయపూర్వక కృతజ్ఞతలు.

బాధతో చెప్పవలసినవి రెండున్నాయి. గత సమావేశంలో చేతులెత్తి పేర్లు రాయించుకున్న స్వచ్ఛంద సేవకుల్లో అధికులు ఒక్క ఆదివారమైనా రాలేదు. సంచి సిద్ధంగా ఉన్నా దాన్ని విప్పి పిల్లల మధ్య కూర్చునే పెద్దమనిషి ఒకరు కావాలి. ఆ ఒక్కరు లేకనే కొన్ని వారాలు రెండు తరగతులను ఒకే గదిలో నడపవలసి వచ్చింది. ఇక ఆదివారాలు ఖాళీగా ఉండే ప్రభుత్వ పాఠశాల గదుల కోసం ఇచ్చిన అర్జీ సంబంధిత కార్యాలయంలో ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతూనే ఉంది. అద్దె అడగవద్దని మనం కోరలేదు, తాళం చెవి మాత్రమే అడిగాం.

ఆడిట్ చేయించిన జమాఖర్చుల పట్టికను ప్రతులుగా పంచాం, కోశాధికారి వివరిస్తారు. తరగతుల ఖర్చులో ఎక్కువ భాగం ముద్రణకే అయింది. చందాలు బాకీ ఉన్నవారు ఈ రోజే చెల్లించగలరు.

వచ్చే ఏడాది వరుస తప్పకూడని పాఠాలకు కూడా సంచులు తయారుచేయాలని, ప్రతి తరగతికి ఒకరికి బదులు ఇద్దరు గురువులను జతగా నియమించి వారు వారం విడిచి వారం వచ్చేలా చూడాలని, ఏడాదికి కనీసం నాలుగు ఆదివారాలు రాగలవారి పేర్లు మాత్రమే సేవకుల జాబితాలో చేర్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఈ మూడింటినీ తీర్మానాలుగా సభ ఆమోదానికి సమర్పిస్తున్నాను. పేర్ల పుస్తకం ద్వారం దగ్గరి బల్లపై ఉంది. రాయదలచినవారు తాము రాగల తేదీలను కూడా పేరు పక్కనే రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
కార్యదర్శి